సదరు బాలిక

నాకు పిల్లల గోల పడదు. ఈ మాట పైకి అంటే ఆడదానివై ఉండి అదేం మాటని జనం ముక్కున వేలేసుకుంటారు కాబట్టి అనను. కానీ కంచం ముందు కూర్చున్నప్పుడు పక్కన ఏ పిల్లో గ్లాసు మీద చెంచాతో వాయిస్తుంటే నా ఒళ్ళు మండిపోతుంది. చిన్నపిల్లలు కదా, అల్లరి చేయక ఏం చేస్తారని కన్నవాళ్ళు మురిసిపోతుంటే ఇంకా మండుతుంది. మురిపెం వాళ్ళకు, తలనొప్పి మనకు.

నా పేరు జ్యోత్స్న. ఊరు పెద్దపల్లి దగ్గర, వయసు ముప్పై. అయిదేళ్ళుగా అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కు చదువుతున్నాను. పొద్దున చిక్కడపల్లి లైబ్రరీ, మధ్యాహ్నం లక్ష్మవ్వ మెస్సు, మళ్ళీ లైబ్రరీ, మళ్ళీ మెస్సు. లక్ష్మవ్వ దగ్గర తినేవాళ్ళంతా నాలాంటివాళ్ళే. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని కుడి చేత్తో పప్పన్నం కలుపుతారు. పచ్చిపులుసు మరకలు లేని కరెంట్ అఫైర్స్ పుస్తకం మా దగ్గర దొరకదు. అందుకే లక్ష్మవ్వ, తనకు చదువు రాకపోయినా, మా చేతే ఒక బోర్డు రాయించి గోడకు తగిలించింది: "భోజనశాలలో నిశ్శబ్దం పాటించవలెను."

ఆ నిశ్శబ్దంలోకి మొన్న ఎండాకాలంలో మాసమ్మ వచ్చింది, వడ్డించడానికి, గిన్నెలు తోమడానికి. ఆమె వెంట అయిదేళ్ళ కూతురు తేజ వచ్చింది. మాసమ్మ భర్త పని కోసం భివండి పోయి ఏడాదైంది, ఫోన్ ఎత్తడు. తల్లీకూతుళ్ళు నల్లకుంటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటారు. పిల్లను ఎవరి దగ్గరన్నా వదిలి వద్దామంటే ఎవరూ లేరు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా పడలేదు.

తేజ నోరు నోరు కాదు. చేతులు కడిగే సింకు పక్కన బెంచీ మీద కూర్చుని, లోపలికి వచ్చిన ప్రతివాళ్ళనూ పేరు పెట్టి కేకేసేది. ఎవరి పుస్తకంలోనన్నా బొమ్మ కనబడితే పరుగెత్తుకొచ్చి లాక్కుని "ఈయనెవరక్కా? సచ్చిపోయిండా?" అని మెస్సంతా వినబడేలా అడిగేది. కనబడినవాళ్ళనల్లా అడిగి అడిగి అక్షరాలు పట్టుకుని గోడ మీది బోర్డు కూడబలుక్కునేది. మేం ఒకరినొకరం ప్రశ్నలు అడుక్కుంటుంటే విని విని దేశాల రాజధానులు నేర్చుకుంది. ఎవరి నోట నేపాల్ అని వచ్చినా చాలు, బెంచీ మీద నుంచి "ఖాట్మండూ!" అని అరుపు. అన్నిటికన్నా పెద్ద గోస ఆప్షన్ సీ. ఆ మాట ఎవరి దగ్గర పట్టుకుందో గాని ఏదడిగినా అదే జవాబు. "తేజా, అన్నం తిన్నవా?" "ఆప్షన్ సీ!" "మీ అమ్మ ఏది?" "ఆప్షన్ సీ!" సగం మంది పగలబడి నవ్వేవారు. వాళ్ళు నవ్వేకొద్దీ అది ఇంకా రెచ్చిపోయేది.

ఆ పిల్ల విషయంలో మెస్సు రెండుగా చీలింది. నా ఎదురుగా కూర్చుని తినే క్రాంతికుమార్ నా పార్టీ. "పిల్లలను రానియ్యని హోటళ్ళు గూడ ఉన్నయంట అక్కా. తప్పేముంది? మనం ఊకెనే తింటున్నమా?" అనేవాడు. ఇద్దరు పిల్లల తండ్రి ఓదెలన్న, మా అందరికన్నా పెద్దవాడు, అవతలి పార్టీ. "మనల్ని ఏమన్న నోట్లె గుడ్డలు కుక్కి పెంచిండ్రా?" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు. లక్ష్మవ్వ ఏ పార్టీలోనూ లేదు. ఆమెకు మంచి పనిమనిషి దొరికింది, అది చాలు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం మాసమ్మ నా పక్కన నిలబడి కొంగు నలుపుకుంది.

"మేడం, మీ రాత మస్తుంటదంట. ఒక కాయితం రాసియ్యరా?"

మాలో ఒక్కరూ ఇంకా ఆఫీసరు కాలేదు గాని మాసమ్మకు మేమంతా సార్లమే, మేడంలమే. సంగతేమిటంటే, నారాయణగూడలో ఒక ట్రస్టు వాళ్ళ బడి ఉంది. ఫీజు లేదు, మధ్యాహ్నం అన్నం పెడతారు, సాయంత్రం ఆరింటి దాకా పిల్లలను చూసుకుంటారు. అందులో తేజను వేద్దామంటే మాసమ్మ పేరు మీద ఈ ఊళ్ళో ఒక్క కాగితమూ లేదు. గది ఓనరు ఏదీ రాసివ్వనన్నాడు. నిన్నూ నీ బిడ్డనూ ఎరిగిన చదువుకున్నవాళ్ళతో ఒక ఉత్తరం రాయించుకు రమ్మంది అక్కడి పెద్ద మేడం. పద్నాలుగో తారీఖుతో సీట్లు ఆఖరు.

"రేపు రాస్తా" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. మా ఫలితాలు ఇవాళో రేపో అంటున్నారు, నా పరేషాన్‌లో నేనున్నాను. అలా పది రోజులు రేపు రేపు అంటూనే ఉన్నాను. మాసమ్మ మళ్ళీ మళ్ళీ అడిగే మనిషి కాదు. నా కంచం దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఎక్కువసేపు నిలబడేది, అంతే.

పన్నెండో తారీఖున ఫలితాలు వచ్చాయి. ఒక్క మార్కు. ఒకే ఒక్క మార్కుతో పోయింది. అమ్మకు ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు. మెస్సుకు వెళ్ళి కూర్చుని, ఏడుపు ఆపుకుంటూ అన్నం కెలుకుతున్నాను. తేజ వచ్చి నా మోకాలి మీద తట్టింది.

"అక్కా, నువ్వు పాసా, ఫేలా?"

మెస్సంతా తలెత్తి చూసింది. నా బదులు అదే జవాబు చెప్పింది.

"ఆప్షన్ సీ!" అని చప్పట్లు కొట్టింది.

కంచం తోసేసి లేచి హాస్టలుకు పోయాను. తెల్లకాగితం తీశాను. అయిదేళ్ళు చదివిన చదువు, ఆ పూట కడుపుమంట, రెండూ కలిసి కలంలోకి దిగాయి. రాసింది ఇది:

"విషయం: భోజనశాలలో మైనరు బాలిక అల్లరి, శబ్ద కాలుష్యము – తగు చర్య కోరుచు వినతి.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించునది ఏమనగా, మాసమ్మ గారి కుమార్తె తేజ, వయసు అయిదు సంవత్సరములు, ప్రతి దినము భోజన సమయమున బిగ్గరగా మాట్లాడుచున్నది. సదరు బాలిక అభ్యర్థుల పుస్తకములు లాగుకొని అందలి ప్రతి బొమ్మను గురించి ప్రశ్నించుచున్నది. జవాబు చెప్పువరకు వదలుట లేదు. దేశముల రాజధానులను అడగకుండగనే అరచి చెప్పుచున్నది. గోడ మీది బోర్డులను కూడబలుకుకొనుచు పదే పదే చదువుచున్నది. కావున సదరు బాలిక విషయమున వెంటనే తగు చర్య తీసుకొనగలరని ప్రార్థన."

"అక్కా, మెయిన్స్ ఆన్సర్ లెక్కుంది" అని క్రాంతికుమార్ మెచ్చుకున్నాడు. సాయంత్రంలోగా ముప్పై రెండు సంతకాలు పెట్టించాడు. సగం మంది చదవకుండానే పెట్టారు. మొదట పెట్టినవాడెవడో అలవాటు చొప్పున సంతకం కింద హాల్‌టికెట్ నంబరు వేశాడు. తర్వాతివాళ్ళు అది కూడా వేయాలి కాబోలనుకుని అందరూ వేశారు. ఓదెలన్న మాత్రం కాగితం చదివి, నా ముఖంలోకి ఒకసారి చూసి, కలం తిరిగి ఇచ్చేశాడు.

తీరా లక్ష్మవ్వకు ఇచ్చే దగ్గర క్రాంతికి ధైర్యం చాలలేదు. కాగితం కౌంటర్ మీద పెట్టి "అవ్వా, మాసమ్మ బిడ్డ గురించి మేమందరం సంతకాలు పెట్టినం" అనేసి, ఆమె తలెత్తేలోగా బయటపడ్డాడు.

మర్నాడంతా నేను మెస్సు వైపు పోలేదు. పద్నాలుగున మధ్యాహ్నం ఆకలికి ఆగలేక, ఏం జరిగి ఉంటుందోనని జంకుతూనే వెళ్ళాను. కూర్చున్నానో లేదో కంచంలో అన్నం కన్నా ముందు రెండు గుడ్లు పడ్డాయి. తలెత్తితే మాసమ్మ. కళ్ళు తడిగా ఉన్నాయి.

"రేపు రేపు అంటుంటే మీరు రాయరనుకున్న మేడం. మొన్న అవ్వ కాయితం నా చేతుల పెట్టి, చూడవే, నీ బిడ్డ కోసం ముప్పై రెండు మంది సంతకాలు పెట్టిండ్రు అన్నది. నాకు కాళ్ళు చేతులు ఆడలే. మాకు గూడ ఇంత మంది ఉన్నరా అనుకున్న."

అప్పుడర్థమైంది. లక్ష్మవ్వకు చదువు రాదు. మాసమ్మకూ రాదు. బడికి ఉత్తరం కావాలని మెస్సులో అందరికీ తెలుసు. మాసమ్మ బిడ్డ గురించి అందరూ సంతకాలు పెట్టిన కాగితమంటే ఆ ఉత్తరమేననుకున్నారు ఇద్దరూ.

"ఆ కాయితం ఏది మాసమ్మా?"

"పొద్దుగాల్నే బడిల ఇచ్చొచ్చిన. పెద్ద మేడం అప్పటికింక రాలే, బల్ల మీద పెట్టిన. నాలుగింటికి బిడ్డను తోల్కొని రమ్మన్నరు. మీరు గూడ రావాలె మేడం, రాసింది మీరు గద."

ఇవాళే ఆఖరు రోజు. ఆ కాగితం చదివితే ఏ బడి వాళ్ళు ఆ పిల్లను చేర్చుకుంటారు? క్రాంతికుమార్‌ను పట్టుకుంటే, టెస్ట్ ఉందక్కా అని మాయమయ్యాడు. హాస్టలుకు పరుగెత్తి, పది రోజుల కిందట రాయాల్సిన ఉత్తరం అప్పుడు రాశాను. తేజ ఎంత మంచిదో, మాసమ్మ ఎంత కష్టపడే మనిషో రాసి కింద నా సంతకం ఒక్కటే పెట్టాను. పావుగంట పట్టింది. ఆ పావుగంట ముందే దొరకనందుకు నన్ను నేను తిట్టుకుంటూ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మూడున్నరకు ముగ్గురం నడక మొదలుపెట్టాం. తేజకు తలనిండా నూనె పెట్టి రెండు పిలకలు వేసింది మాసమ్మ. చిక్కడపల్లి రోడ్డు పొడుగునా అది కనబడిన బోర్డునల్లా కూడబలుక్కుంటూ నడిచింది. "మె... డి... క... ల్! మెడికల్!" అని దాని గొంతు ఆటోల హారన్లను దాటి వినబడింది. నిజం చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ మాసమ్మ నా వైపు తిరిగి నవ్వింది.

బడిలో పెద్ద మేడం పేరు విద్యావతి. అరవైకి దగ్గర పడిన మనిషి, ముఖంలో నవ్వు అంత తేలిగ్గా కనబడదు. ఆమె ముందు బల్ల మీద నా కాగితం విప్పి ఉంది.

"మేడం, అది పొరపాటున..." అంటూ సంచిలో చెయ్యి పెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపారు.

"ఇది రాసింది ఎవరు?"

"ఈ మేడమే" అంది మాసమ్మ, నా కన్నా ముందు, గర్వంగా. "నాకు సదువు రాదు మేడం. నా బిడ్డ గురించి ఏం రాసిండ్రో ఒక్కసారి చదివి వినిపియ్యమనుండ్రి. నా చెవులతోని వింట."

విద్యావతి గారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, కాగితం నా వైపు జరిపారు. "వినిపియ్యండి."

చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని, అందులో లేనిది చదవడం మొదలుపెట్టాను. "తేజ చాలా తెలివైన పిల్ల. బుద్ధిమంతురాలు. పెద్దలంటే గౌరవం కలది..." మాసమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. తేజ నా మోచేతి కింద నుంచి తల దూర్చి కాగితం మీద వేలు పెట్టింది.

"అ... ల్ల... రి. అల్లరి! అక్కా, ఈడ అల్లరి అని ఉన్నది. నువ్వు అది సదువలే."

మాసమ్మ కళ్ళు తెరిచింది.

ఇక నావల్ల కాలేదు. మొదటి నుంచి రాసింది రాసినట్టు చదివాను. ఆ గ్రాంథికం ఆమెకు అర్థం కాకపోతే బాగుండునని లోపల ఆశపడ్డాను కూడా. ప్రతి ముక్కా అర్థమైందని ఆమె ముఖం చెప్పింది. తగు చర్య అనే దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినబడలేదు.

మాసమ్మ ఏడవలేదు, తిట్టలేదు. తేజను దగ్గరికి లాక్కుని దాని నోటి మీద అరచెయ్యి పెట్టింది. పిల్ల గదిని అటూ ఇటూ చూసింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా తప్పించి, తల్లి చెవి దగ్గర గుసగుసగా అడిగింది. గది నిశ్శబ్దంగా ఉంది కాబట్టి మాకూ వినబడింది.

"అమ్మా, గిది గూడ ఇల్లేనా?"

"అదేంది, ఇల్లేనా అంటది?" అన్నారు విద్యావతి గారు.

"ఇంట్ల మేం గుసగుసగనే మాట్లాడుకుంటం మేడం" అంది మాసమ్మ. "పిల్ల సప్పుడు చేస్తే గది ఖాళీ చెయ్యాలె అని ఓనరు ముందుగాల్నే చెప్పిండు. ఉరుకొద్దు, గట్టిగ నవ్వొద్దు. దీనికి ఇల్లంటే నోరు మూసుకునే జాగ. మెస్సుల అరిస్తే అందరు నవ్వుతుండ్రు గద, ఆడ నడుస్తదేమో అనుకున్న. నేనే అరువనిచ్చిన."

తర్వాత నా వైపు తిరిగింది.

"లొల్లి అయితుందని నాతోని అనొచ్చు గద మేడం. నోటితోని చెప్తే నాకు అర్థమైతది. సదువు రానిదాని మీద కాయితం రాస్తరా?"

ఒక్క మార్కుతో పోయిన రోజు కూడా నేను అంత చిన్నబోలేదు. "తప్పయింది మాసమ్మా" అన్నాను. ఆ గదిలో నిలబడే ఏడ్చేశాను, మొన్నటి నుంచి ఆపుకున్నదంతా కలిపి. తేజ నన్ను చూసి తన నోటి మీద వేలు పెట్టుకుని, ఏడవొద్దన్నట్టు తల ఊపింది.

విద్యావతి గారు నా ఏడుపు తగ్గేదాకా ఆగారు. కాగితం వెనక్కి తీసుకున్నారు.

"ఇందుల రాసింది నిజమేనా? ఈ పిల్ల బోర్డులు చదువుతదా?"

"చదువుతది మేడం."

"రాజధానులు చెప్తదా?"

"చెప్తది."

"జవాబు చెప్పేదాక వదలదా?"

"అస్సలు వదలదు."

"సంతకాల కింద ఈ నంబర్లేంది?"

"హాల్‌టికెట్ నంబర్లు మేడం."

ఆమె మొదటిసారి నవ్వారు. "పాతికేండ్ల సంది ఈ కుర్చీల కూసుంటున్న. తెచ్చిన ప్రతి ఉత్తరంల పిల్ల బుద్ధిమంతురాలు అనే ఉంటది. ఇంత సాఫ్‌గ రాసినోళ్ళను ఇప్పుడే చూస్తున్న. ముప్పై రెండు మంది చర్య తీసుకోమంటున్నరు. తీసుకోకపోతే ఎట్ల?" అని ఎర్రకలం తీసి, నా వినతి పక్కన మార్జిన్లో రాస్తూ పైకి చదివారు. "సదరు బాలికను ఒకటో తరగతిలో చేర్చుకోవడమైనది."

సీటు వచ్చింది. కానీ తిరిగి వచ్చేటప్పుడు దారంతా తేజ ఒక్క బోర్డూ చదవలేదు. "ఇదేంది తేజా, చదువు" అని నేనొక షట్టర్ మీది అక్షరాలు చూపిస్తే తల అడ్డంగా ఊపి తల్లి కొంగు పట్టుకుంది. అంత రద్దీలో, అంత రొదలో ఆ పిల్ల తల్లితో గుసగుసగా మాట్లాడుతూ నడిచింది. మాసమ్మ నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేనూ ఆశించలేదు.

మర్నాడు తేజ బడికి పోయింది. మధ్యాహ్నం మెస్సులో మేం కోరుకున్న నిశ్శబ్దం దొరికింది. ఎవరో అప్పడం విరిస్తే వినబడేంత నిశ్శబ్దం. క్రాంతికుమార్ రెండు ముద్దలకోసారి సింకు పక్క బెంచీ వైపు చూస్తున్నాడు. నేను లేచి నిలబడి, మేమంతా పెట్టిన సంతకాలు ఎక్కడికి వెళ్ళాయో, అక్కడేం జరిగిందో అందరికీ చెప్పాను. గది ఓనరు సంగతి చెప్పాను. ఇల్లేనా అని ఆ పిల్ల అడిగిన మాట చెప్పినప్పుడు ఎవరూ తల ఎత్తలేదు. కిరాయి గదుల్లో గొంతు తగ్గించుకుని బతకడం మాకెవరికీ కొత్త కాదు మరి.

సాయంత్రం ఏడింటికి మెస్సు నిండింది. మాసమ్మ అన్నం బకెట్టుతో తిరుగుతోంది. తేజ బడి నుంచి వచ్చి బెంచీ మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరినీ పిలవడం లేదు.

"తేజా, బడిల ఏం జేసిండ్రు?" అని అడిగాడు ఓదెలన్న.

అది తల్లిని చూసి, పెదవులు కదిపింది.

"వినబడలే" అన్నాడు.

బెంచీ దిగి దగ్గరికి వచ్చి మళ్ళీ గుసగుసగా ఏదో చెప్పింది.

"నాకు గూడ వినబడలే!" అన్నాడు నా ఎదురుగా కూర్చున్న క్రాంతికుమార్. అటు నుంచి ఇంకెవరో అదే అన్నారు. ఇటు నుంచి ఇంకెవరో. పుస్తకాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

"నాకు గూడ వినబడలే తేజా. జర గట్టిగ చెప్పు" అన్నాను నేను.

అది నన్ను అనుమానంగా చూసింది. చూడదా మరి. మళ్ళీ తల్లి వైపు చూసింది. మాసమ్మ బకెట్టు కింద పెట్టి, మా అందరి ముఖాలూ ఒకసారి కలియజూసింది.

"చెప్పు బిడ్డా. అడుగుతుండ్రు గద."

తేజ బెంచీ ఎక్కి నిలబడింది. ఊపిరి పీల్చుకుంది.

"మా బడిల ఊకో అనరు! అ ఆ అని అందరు ఒక్కసారే అరుస్తరు! నేనే అందరి కన్న గట్టిగ అరిచిన!"

మెస్సు దద్దరిల్లింది. ఎవరో బల్ల చరిచారు, ఎవరో ఈల వేశారు, క్రాంతికుమార్ గ్లాసు మీద చెంచాతో వాయించాడు. కౌంటర్ దగ్గర నుంచి లక్ష్మవ్వ "ఏందా లొల్లి? సదువుకున్నోళ్ళేనా మీరు?" అని మమ్మల్ని తిడుతోంది. ఆ గోలలో మాసమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి ఏదో అంది. నాకు అందలేదు.

"ఏందీ? వినబడలే!" అన్నాను.

ఇంట్లో గుసగుసగా బతికే మనిషి, వడ్డించేటప్పుడు కూడా గొంతు పెంచని మనిషి, నా ముఖం మీదికి వంగి గట్టిగా అరిచింది.

"అన్నం ఇంక పెట్టాల్నా అంటున్న, జ్యోత్స్నా!"

"పెట్టు!" అని నేనూ అరిచాను.